గీత మీది దాసాని

తెల్లవారి వాకిలి ఊడ్చి సాన్పి చల్లుదామని బకెట్టుతో బయటికి వచ్చిన ఆండాలుకు, తాను వెయ్యని ముగ్గొకటి కనిపించింది. బెత్తెడు వెడల్పు సున్నం గీత. టీ కొట్టు మూలనుంచి బయలుదేరి, సగం సగం కట్టిన ఇళ్ల ముందుగా తిన్నగా వచ్చి, పక్కింటి త్రినాథరావు మెట్లు దాటగానే వంకర తిరిగింది. ఆమె గేటు బయట నిలువెత్తున ఉన్న ఎర్రపూల దాసాని చెట్టును రోడ్డులోకి వదిలేసి, ముళ్లతీగ కంచె కిందనుంచి దూరి, స్నానాల నీళ్లు పోయే జాలారు బండ దాకా వచ్చి, మళ్లీ బయటికి పోయి అవతల తిన్నబడింది.

బకెట్టు కింద పెట్టింది. గీత వెంట కొంతదూరం నడిచి చూసింది. వెనక్కి వచ్చి చూసింది. ఎటునుంచి చూసినా ఆ వంకర తన ఇంటి ముందే ఉంది.

ఎల్.బి.నగర్ చౌరస్తా వెనక ఈ కాలనీకి పేరు పెట్టి ఆరేళ్లయింది గాని, రోడ్డు లేదు. ఎనభై ఆరో సంవత్సరం వానలు ఇంకా పడలేదు. పడితే మోకాలి లోతు బురద. ఆటో వాళ్లు చౌరస్తా దగ్గరే దిగమంటారు. రోడ్డు వస్తుందంటే అందరిలాగే ఆండాలూ సంతోషించింది.

ఆ గీత గీసిన మేస్త్రీ సైదులు రెండిళ్ల అవతల తాడు చుట్టుకుంటున్నాడు. "సైదులూ, గిదేంది? గీత సక్కగొచ్చి నా ఇంటి కాడ గిట్ల ఒంగిందేంది?"

"నన్నేం జెయ్యమంటవక్కా? పెసిడెంటు సారు ముంగట నిలవడి గీయించిండు. నేను సున్నం బోసెటోన్ని." అని ఎదుటి వైపు చూసి చూడనట్టు చూశాడు.

ఆండాలు కూడా అటు తిరిగింది. ఎదురిల్లు పట్టాభిది. కాలనీ సంఘానికి ప్రెసిడెంటు ఆయన. రెండంతస్తుల ఇల్లు. పోయినేడు కారు షెడ్డు కట్టినప్పుడు ఆయన ప్రహరీ గోడ కడుపొచ్చినట్టు ముందుకు వచ్చింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. రోడ్డే లేనప్పుడు ఎవరు అంటారు?

సాన్పి చల్లలేదు ఆండాలు. లోపలికి పోయి కుంకుడు రసం ముంతలో పోసుకుని, పాత పంచె పేలిక తీసుకుని దాసాని దగ్గరికి వచ్చింది. ఎండలు ముదిరితే ఈ చెట్టుకు పిండిపురుగు పడుతుంది. లేత చిగుళ్ల సందుల్లో, మొగ్గల కింద తెల్లటి దూదిలా అంటుకుని రసం పీలుస్తుంది. ఒక్కో కొమ్మనూ దగ్గరకు వంచుకుని, పేలిక ముంచి, పైనుంచి కిందికి తుడుస్తూ పోయింది. రోజూ చేసే పనే. ఇవాళ మాత్రం తుడిచిన కొమ్మ వదలగానే చటుక్కున పైకి లేస్తోంది. చేతిలో ఎంత బిగువుందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం పట్టాభి వరండాలో సంఘం కూర్చుంది. మగవాళ్లంతా ఇనప కుర్చీల్లో, మెట్ల మీద. ఆండాలు భర్త భిక్షపతి బస్సు డిపోలో మెకానిక్కు. డ్యూటీ దిగి అట్నుంచే వచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఆండాలు మెట్ల కింద నిలబడింది. ఆడవాళ్లు సంఘానికి రావడం అదే మొదలు కాబట్టి ఎవరూ కుర్చీ చూపించలేదు.

పట్టాభి చక్కగా మాట్లాడతాడు. "ఈ రోడ్డు కోసం నేను ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో మీకు తెలుసు. ఈ ఆదివారం మొరం పోసి రోలర్ తిప్పుతామన్నారు. అది దాటిందా, రోలర్ ఇంకో కాలనీకి పోతుంది. మళ్లీ వచ్చే ఏడు. ఒక్క పూలచెట్టు అడ్డం వస్తోందని మనమంతా బురదలో ఈదాలా? మీరే చెప్పండి."

అందరి తలలూ ఆండాలు వైపు తిరిగాయి. ఆ చూపుల్లో కోపం లేదు. నీకేం పోయింది, ఒప్పుకోరాదా అన్న బతిమాలడం ఉంది. దానికి ఎదురు నిలవడం కోపానికి ఎదురు నిలవడం కన్నా కష్టమనిపించిందామెకు.

"చెట్టొక్కటే కాదు సారూ. గీత నా కంచె దాటి జాలారు దాంక ఒచ్చింది. గాడ సక్కగున్నది, ఈడెందుకు ఒంగింది?"

"రోడ్డన్నాక అక్కడక్కడా వంగుతుందమ్మా."

"మీ గోడ ముంగటనే ఒంగిందేంది మరి?"

వరండాలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. పట్టాభి నవ్వాడు. "భిక్షపతీ, ఏమయ్యా, ఇంట్లో మాట్లాడుకుని రావొద్దా?"

భిక్షపతి గోళ్ల సందుల్లో గ్రీజు చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఆయన్ని అడుగుడెందుకు? నన్నడుగుండ్రి." ఆండాలు ఒక మెట్టు ఎక్కింది. "నా చెట్టు నా జాగల ఉన్నది. ఎవరి జాగల ఎవరున్నరో టేపు వట్టుండ్రి. నా దిక్కు వట్టుండ్రి, మీ దిక్కు వట్టుండ్రి. రోడ్డు మొగదలున్న సర్వే రాళ్లు యాడికి పోలేదు గద."

త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. "కొలిస్తే పోయేదేముంది పట్టాభిగారూ. అనుమానం తీరిపోతుంది కదా."

పట్టాభి అతనివైపు ఒకసారి చూసి, "అలాగే. ఆదివారం పొద్దున్నే అందరి ముందూ కొలుద్దాం. ముందు ఈ అమ్మ వైపు," అన్నాడు. ఆ 'ముందు' అన్న మాట మీద ఆయన ఎందుకు ఆగాడో అప్పుడు ఆమెకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక భిక్షపతి కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "పొద్దున లేస్తే మొకాలు సూసుకునేటోల్లం. ఇంత పంచాయితీ అవసరమా? నాలుగడుగులు పోతే పోనియ్యరాదు."

"నాలుగడుగులు పోతే నేను తానం యాడ చెయ్యాలె? రోడ్డు మీదనా?"

అతను కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు.

మరునాడు పొద్దున ఎదురింటి వేదవతి పూలకు వచ్చింది. పట్టాభి భార్య. రోజూ ఇత్తడి పళ్లెం, కొక్కెం కట్టిన కర్ర పట్టుకుని వస్తుంది. ఈ చెట్టు పూలు లేకుండా ఆమె పూజ కాదు. ఆమె మందారం అంటుంది, ఆండాలు దాసాని అంటుంది. ఆరేళ్లుగా ఎవరి మాట వాళ్లదే. ఇవాళ గేటుకు రెండడుగుల దూరంలో ఆగిపోయి, కర్ర ఎత్తలేదు.

ఆండాలు తనే కొమ్మ వంచింది. "తెంపుకో అమ్మా. నీ మీద నాకేమున్నది?"

వేదవతి ఒక్కో పువ్వు తుంచి పళ్లెంలో పెట్టుకుంది. ముద్దముద్దగా, రేకు మీద రేకు కిక్కిరిసిన ఎర్రటి పూలు. "కారు బుక్ చేశారు ఆండాలూ. ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. షెడ్డు మాత్రం లేచింది. గోడ కట్టేటప్పుడే అడిగాను, ఇంత ముందుకెందుకండీ అని. నీకు తెలీదు ఊరుకో అన్నారు." కాస్త ఆగి, "ఊరుకున్నాను," అంది.

ఆండాలు కొమ్మను మెల్లగా వదిలింది.

మధ్యాహ్నం సైదులు చెట్టు నీడన సద్దిమూట విప్పుకున్నాడు. తిన్నాక మంచినీళ్ల చెంబు ఇస్తూ ఆండాలు అడిగింది. "నీ తాడు జర పట్టు సైదులూ. ఆదివారం దాంక నాకు నిద్రపట్టేటట్టు లేదు."

ఇద్దరూ టీ కొట్టు దగ్గర సర్వే రాయికి ఒక కొస కట్టి, ఆ చివర పాడుబావి పక్కనున్న రాయికి రెండో కొస కట్టి లాగారు. మధ్యలో తాడు వేలాడకుండా సైదులు రాళ్ల మీదికి ఎత్తాడు. ఎదుటి వరుసలోనూ అలాగే చేశారు. అక్కడ తాడు పట్టాభి గోడను తగిలి ఆగిపోయింది. గోడ లోపలినుంచి పోవాల్సిన తాడు అది. సైదులు కాలితో కొలిచి, "మూడడుగుల మీదనే బయటికొచ్చింది," అన్నాడు.

ఆండాలు చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "నేను చెప్పలే?"

సైదులు మాత్రం నవ్వలేదు. ఇవతలి తాడు చూపించాడు. అది ఆమె ముళ్లకంచెను రాసుకుంటూ పోతోంది. దాసాని చెట్టు తాడుకు అవతల ఉంది. మొదలు, వేళ్లు, కొమ్మలు, అన్నీ.

"చెట్టు రోడ్ల ఉన్నదక్కా. మూరెడు."

ఆండాలు వంగి తాడును వేలితో మీటింది. అది కదిలి మళ్లీ అక్కడికే వచ్చింది. కంచె వేసినప్పుడు లోపలంతా బండ. గడ్డపార దిగింది ఆ బయటే. దిగిన చోట పెట్టింది కొమ్మ. అది ఎవరి జాగా అని అప్పుడు ఎవరూ అడగలేదు. పట్టాభి గోడ కట్టినప్పుడు ఆయన్ని కూడా ఎవరూ అడగలేదు.

"సారుకు ఎరుకేనా?"

"ఎరుక లేకుంటే నీ దిక్కే ముందు కొలుద్దామంటడా? గా కాలనీ ప్లాను కాయితం ఆయన ఇంట్లనే ఉండె." సైదులు తాడు చుట్టుకుంటూ గొంతు తగ్గించాడు. "నేను సూడలేదనుకో. రాతిరి నాలుగు తట్టల మట్టి పోస్తే సర్వే రాయి సుత కానరాదు."

ఆ మాట ఆండాలు చెవిలో చాలాసేపు ఉంది. లోపలికి వచ్చి కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుదామని చేట ముందు పెట్టుకుని ఏరలేదు. రాయిని కప్పేయొచ్చు. కొలిచేటప్పుడు గొడవ చెయ్యొచ్చు. చెట్టు దగ్గర కూర్చుని, నరికితే నన్నే నరకండని అరవొచ్చు. అలా అరిచిన ఆడదాని ముందు మగవాళ్లు వెనక్కి తగ్గడం ఆమె చూసింది. కాని అప్పుడు పట్టాభి ఏమంటాడో కూడా ఆమెకు వినిపించింది. అందరూ ఆక్రమించినవాళ్లే కదమ్మా, నువ్వూ నేనూ ఒకటే కదా, అంటాడు. ఆ నవ్వు నవ్వుతూ అంటాడు. గీత వంకరగానే ఉండిపోతుంది.

చేట పక్కకు నెట్టి లేచి, మంచం కిందినుంచి గడ్డపార లాగింది.

కంచెకు లోపల, జాలారు పక్కన, ఆరేళ్ల స్నానాల నీళ్లకు మొరం కాస్త మెత్తబడ్డ చోటు ఒకటుంది. సున్నం గీతకూ కంచెకూ మధ్య, సరిగ్గా పట్టాభి రోడ్డులోకి లాగేసుకున్న జాగా అది. ఆండాలు అక్కడే గడ్డపార దింపింది. జానెడు లోతు దాకా పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఆ తర్వాత బండ పొర తగిలి, గడ్డపార ఎగిరి చేతుల్లో జివ్వుమంది. పక్కనుంచి సందు దొరకబుచ్చుకుని, మొన దూర్చి, మీద వాలి ఊపింది. పలక పలకగా ఊడింది. పొద్దు వాలేసరికి ఒక గంప పట్టేంత గుంత అయింది. అరచేతులు బొబ్బలెక్కాయి. డ్యూటీనుంచి వచ్చిన భిక్షపతి గుంతను చూశాడు, ఆమెను చూశాడు.

"చెట్టు రోడ్ల ఉన్నది," అంది ఆండాలు. "నేను తాడు వట్టి సూసిన. లోపలికి తెస్తున్న."

"అంటే వాని మాటనే గెలిచింది గద."

"వాని మాట యాడ గెలిచింది? నాది నేను సర్దుకున్నంక ఆయన్ని అడుగొద్దా?"

భిక్షపతి చొక్కా విప్పి కంచె మీద వేశాడు. గుంతలోకి దిగి, మిగిలిన పలకలు తను లేపాడు.

శనివారం అతను సైకిల్ మీద మన్సూరాబాద్ బర్రెల కొట్టంనుంచి మాగిన పెంట, చెరువు గట్టునుంచి ఎర్రమట్టి రెండు సంచులు తెచ్చి పడేసి డిపోకు పోయాడు. ఆండాలు రెండూ కలిపి గుంత అడుగున పరిచి, రెండు బిందెల నీళ్లు పోసి ఇంకనిచ్చింది. పొద్దు తిరిగాక కత్తి పట్టుకుంది. వేళ్లు తెగిన చెట్టు ఇన్ని ఆకులకు నీళ్లు పట్టలేదు. కోసేయాలి. పై కొమ్మనుంచి మొదలుపెట్టి, కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోస్తూ వచ్చింది. కోసిన ప్రతిదాని మీదా రేపు విచ్చుకోవాల్సిన మొగ్గలున్నాయి. మొదట వాటిని చూడకుండా కోసింది. తర్వాత చూస్తూనే కోసింది. నిలువెత్తు చెట్టు నడుమెత్తు మోడయింది. కొమ్మలన్నీ గేటు పక్కన కుప్ప పడ్డాయి.

మొదలు చుట్టూ మూరెడు దూరంలో తవ్వింది. సన్న వేళ్లు పారతో తెంపింది, లావు వేళ్లు కత్తితో కోసింది. వేళ్లు పట్టుకున్న మట్టి విడిపోకుండా తడి గోనెసంచి కిందినుంచి దూర్చి నాలుగు కొసలూ బిగించింది. లేపబోతే కదల్లేదు. భిక్షపతి ఇంకా రాలేదు. పొద్దు గుంకుతోంది. వేళ్లకు గాలి తగలకూడదు.

మళ్లీ ప్రయత్నించింది. గోనె కొస చేతిలోంచి జారింది. అవతలి కొస మాత్రం లేచింది.

వేదవతి. కొంగు నడుముకు దోపుకుని, గాజులు మోచేతి దాకా తోసుకుని రెండు చేతులా గోనె పట్టుకుంది. "ఎటు?" అంది.

"గీ గేట్లకెల్లి. మెల్లగ. మట్టి ఇరగొద్దు."

ఇద్దరూ వంగి, ఆగి, మళ్లీ ఎత్తి, గుంతలో దించారు. మోడు నిలువుగా ఉందా లేదా అని వేదవతి దూరం జరిగి చూసి చెప్పింది. ఆండాలు మట్టి కూరి, మడమతో అదిమి, నీళ్లు పోసింది. మీద పాత చాప నీడకు కట్టింది. బయట ఖాళీ అయిన గుంతను లోపలినుంచి తవ్విన మొరంతో పూడ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపరిచింది. అక్కడ చెట్టుండేదంటే ఎవరూ నమ్మరు.

"సారు తిడతడేమో అమ్మా."

"నగరంలో మీటింగు. భోంచేసి వస్తారు." వేదవతి చేతుల మట్టి దులుపుకోలేదు. అలాగే రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున మోడు మీద మిగిలిన నాలుగు ఆకులూ వాలిపోయి ఉన్నాయి. ఆండాలు గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగానే ఉంది. అంతకంటే ఇప్పుడే ఏమీ చెప్పలేం.

కాలనీ అంతా వచ్చింది. మొరం ట్రాక్టర్లు చౌరస్తా దగ్గర నిలబడ్డాయి. పట్టాభి ఇస్త్రీ లాల్చీలో, చేతిలో కొత్త టేపు, చంకలో ప్లాను కాయితంతో గేటు తీసుకుని వచ్చాడు. "ముందు ఈ అమ్మ వైపు అనుకున్నాం కదా," అంటూ రోడ్డు దాటి, సగం దూరంలో ఆగిపోయాడు. ఎదురుగా చెట్టు లేదు. నున్నటి మొరం నేల ఉంది.

"చెట్టేది?"

"తీసిన సారూ. రోడ్ల మూరెడు ఉండె. నా తప్పు. మొన్న మీ అందరి ముంగట నా జాగల ఉన్నదని అన్న. గది అబద్ధం. నాకు ఎరుక లేక అన్న." ఆండాలు అందరికీ వినబడేలా చెప్పింది. "ఇగ నా దిక్కు కొలువుండ్రి."

సైదులు కొలిచాడు. రోడ్డు అంచు కంచెను తాకింది, కంచె దగ్గరే ఆగింది. లోపల చాప కింద మోడు. దానికి అవతల వంకర సున్నం గీత, ఎవరికీ పనికిరాకుండా.

పట్టాభి మొహంలో రంగు మారింది. "ఎప్పుడు తీశావు? నిన్న పొద్దున ఉంది కదా." జనంలోకి చూశాడు. తన గేటు దగ్గర నిలబడ్డ భార్యను చూశాడు. "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా? చూశావా?"

"చూశాను," అంది వేదవతి. "ఓ చెయ్యి వేశాను కూడా."

వేదవతి నడిచి వచ్చి, భర్త చేతిలో వేలాడుతున్న టేపు కొస తీసుకుంది. తీసుకుని తమ గోడ దగ్గరికి పోయి, ఇటుక మీద బొటనవేలితో అదిమి పట్టుకుంది. "కొలవండి. ఇప్పుడు మన వైపు."

కొలిచారు. సైదులు అంకె పైకి చదవలేదు. చదవాల్సిన పని లేదు. అందరూ వంగి చూశారు. పట్టాభి ఒక్కడే చూడలేదు.

"ఇంజనీరుతో మాట్లాడాలి," అన్నాడాయన. "ఇదంతా ఇప్పటికిప్పుడు తేలేది కాదు. గోడంటే చెట్టులాంటిది కాదు కదా."

త్రినాథరావు తన ఇంటికి నడిచాడు. అందరూ చూస్తుండగానే సుత్తి తెచ్చి, రోడ్డులోకి వచ్చిన తన కింది మెట్టు అంచు మీద ఒక దెబ్బ వేశాడు. సిమెంటు పెచ్చు ఎగిరింది. ఆయన పక్కింటివాళ్లు గేటు ముందున్న తులసి కోటను లోపలికి జరపడం మొదలుపెట్టారు. ఇంకెవరో చౌరస్తాకు మనిషిని పంపించారు, ట్రాక్టర్లను కాస్త ఆగమని.

భిక్షపతి అప్పటిదాకా కంచె దగ్గరే ఉన్నాడు. లోపలికి పోయి గడ్డపార తెచ్చి భార్య చేతికిచ్చాడు. ఆండాలు దాన్ని రెండు చేతులా పట్టుకుని రోడ్డు దాటి, పట్టాభి గోడకు ఆనించి నిలబెట్టింది.

"నా పని అయిపోయింది సారూ. మీరు చేసుకోండ్రి. పొద్దుగూకే లోపల మళ్ల ఇచ్చెయ్యుండ్రి."

వెనుదిరిగి వచ్చి చెంబు అందుకుంది. మోడు చుట్టూ మట్టి ఆరుతోంది. ఒకేసారి కాకుండా, వేళ్ల దాకా దిగేలా కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ కూర్చుంది. చాలాసేపు వెనక ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత ఇనుము ఇటుకను తాకిన చప్పుడు వినిపించింది. ఒకటి, మళ్లీ ఒకటి. కొట్టడం చేతకాని చెయ్యి అది, దెబ్బకూ దెబ్బకూ మధ్య పట్టాభి ఆయాసం వినబడుతోంది. ఆండాలు తిరిగి చూడలేదు. చెంబులో ఇంకా నీళ్లున్నాయి.